రెండు పంచాంగాలు, ఇద్దరు పురోహితులు, మధ్యలో ఒక పెళ్లికూతురు

ఈసారి ఉత్తరం చాలా పెద్దది, అందుకే కుదించి చెబుతున్నాను. రాసినమ్మాయికి 29 ఏళ్లు. సొంతూరు రాజమండ్రి, ఉద్యోగం బెంగళూరులో. అక్కడే పరిచయమైన కోల్‌కతా అబ్బాయితో పెళ్లి కుదిరింది. రెండిళ్లలోనూ ఒప్పుకున్నారు. “ఒప్పించడమే కష్టం, ఆ తర్వాతంతా సాఫీ అనుకున్నా. తీరా చూస్తే అసలు గొడవ పెళ్లి ఎలా చేయాలన్న దగ్గర మొదలైంది” అని రాశారు.

వాళ్లమ్మగారికి గౌరీపూజ నుంచి నాగవల్లి దాకా ఒక్క తంతు కూడా తగ్గకూడదు. నాన్నగారు తెలుగు మాస్టారుగా చేసి రిటైరయ్యారు, ఆయన కోరిక వేరు. అర్థం కాని మంత్రాలెందుకు, పెళ్లి మొత్తం తెలుగులో చదివిద్దాం అంటారు. “సంస్కృతం లేకపోతే అది పెళ్లెలా అవుతుంది” అని అమ్మగారు ఆయనతో రెండు రోజులు మాట్లాడలేదట. అబ్బాయి వాళ్లు సాయంత్రం లగ్నం, సాత్ పాక్ (ఏడు చుట్లు), సిందూర్ దాన్ (పాపిట్లో సిందూరం పెట్టడం) ఉండాలని అడిగారు. ఇంటి పురోహితుడుగారేమో “రెండూ కలిపి కిచిడీ చేస్తే నేను రాను” అనేశారు. ఈవెంట్ మేనేజరు ఒకతను చెరో 40 నిమిషాలు పంచి, మధ్యలో మైకు పట్టుకుని యాంకరింగ్ చేయిస్తానన్నాడు. ఇవన్నీ ఒక ఎత్తయితే, అబ్బాయి తల్లి ఫోన్లో “నేను పెళ్లి చూడను, మా ఆచారం కాదు” అనడం ఒక ఎత్తు. అమ్మగారికి హిందీ అంతంతమాత్రం. “ఆవిడకి ఈ పెళ్లి ఇష్టం లేదు, మొహాన చెప్పలేక ఇలా అంటోంది” అని తీర్మానించేశారు. వీటన్నిటి అడుగున ఇంకోటుంది. ఈ అమ్మాయికి కన్యాదానం ఇష్టం లేదు, ఆ మాట నాన్నతో ఇప్పటిదాకా అనలేదు. పెళ్లికొడుకేమో ఏది అడిగినా “నీ ఇష్టం” అంటాడు. ఇక చేప సంగతి, అది చివర్లో చెబుతాను.

ఆవిడ ప్రశ్న ఇది: “ఈ పెళ్లి మా ఇద్దరిదీ అనిపించాలంటే ఏం చేయాలి? లేకపోతే రిజిస్ట్రారు ఆఫీసులో సంతకాలు పెట్టి పారిపోవడమే నయమా?”

మీ ఉత్తరం రెండుసార్లు చదివానమ్మా. మొదటిసారి నవ్వొచ్చింది, రెండోసారి జాలేసింది. అందులో అమ్మ ఏమంది, నాన్న ఏమన్నాడు, అత్తగారు ఏమంది, పంతులుగారు ఏమన్నారు అన్నీ ఉన్నాయి. మీకేం కావాలో మాత్రం వెతుక్కోవాల్సి వచ్చింది. నాలుగో పేజీ అడుగున, బ్రాకెట్లో, కన్యాదానం గురించి ఒక్క వాక్యం. అసలు ఉత్తరం అక్కడ మొదలుపెట్టాల్సింది మీరు.

ముందు అత్తగారి విషయం తేల్చేద్దాం, ఎందుకంటే అది తేలకపోతే మీ అమ్మగారు మిగతావేవీ వినరు. బెంగాలీ కుటుంబాల్లో చాలాచోట్ల తల్లి కొడుకు పెళ్లి చూడకూడదనే ఆచారం నిజంగానే ఉంది. తల్లి కన్ను పడితే బిడ్డకి దిష్టి అనే భావం. అంతెందుకు, ఆ లెక్కన పెళ్లికూతురి తల్లి కూడా చూడకూడదు, అంటే వాళ్ల పద్ధతిలో మీ అమ్మగారు కూడా గదిలోనే కూర్చోవాలి. ఆవిడ మీకు చెప్పింది అయిష్టం కాదు, కొడుకు బాగుండాలనే చాదస్తం. అలాంటిది మీ నాయనమ్మగారి దగ్గర మీకు బోలెడు దొరుకుతుంది. ఈ మాట మీ అమ్మకి మీరు చెబితే “అప్పుడే అత్తని వెనకేసుకొస్తోంది” అంటారు. అబ్బాయి చేత చెప్పించండి. వీడియో కాల్లో కాదు, వచ్చినప్పుడు, వంటింట్లో కూర్చుని, వచ్చీరాని తెలుగులో.

అలాగని అత్తగారిని కోల్‌కతాలో వదిలేసి రమ్మనకండి. పెళ్లికి వచ్చి పసుపు రాయడం దగ్గరనుంచి అన్నిట్లో ఉండి, ముహూర్తం వేళకి మాత్రం విడిదిలో ఉండే తల్లులున్నారు. ఈమధ్య ఆచారం పక్కనపెట్టి ముందు వరసలో కూర్చునే తల్లులూ ఉన్నారు. ఏది అనేది ఆవిడ నిర్ణయం, బతిమాలి కుర్చీలో కూర్చోబెడితే తర్వాత ఏ చిన్న ఇబ్బందొచ్చినా ఆరోజు చూశాను కాబట్టే అనుకుంటుంది పాపం. ఆవిడ ఘట్టం వేరే ఉంది. కోడల్ని ఇంట్లోకి తీసుకునేటప్పుడు పళ్లెంలో పాలూ పారాణీ కలిపి, అందులో కాళ్లు పెట్టించి, ఆ ఎర్రటి అడుగులు గుమ్మం లోపలికి పడేలా నడిపిస్తారు. దాన్ని ఆవిడ ఎలా చేయాలనుకుంటే అలా చేయనివ్వండి, మీ అమ్మా నాన్నా కూడా ఆ రోజుకి కోల్‌కతా వెళ్లండి. ఇక్కడ ఆవిడ గదిలో కూర్చున్న లోటు అక్కడ తీరుతుంది.

ఇప్పుడు మీ పెళ్లికొడుకు గారు. “నీ ఇష్టం” అనే మాట వినడానికి బాగుంటుంది. కానీ దాని అర్థం ఏమైందంటే, ఇటు నలుగురు అటు నలుగురు లాగుతున్న తాడు మొత్తం మీ ఒక్కరి చేతిలో ఉంది. వాళ్లమ్మకి వద్దని చెప్పాల్సింది మీరు, మీ నాన్నకి వద్దని చెప్పాల్సింది కూడా మీరే. ఆయనకి నిజంగానే పట్టింపు లేదని నేననుకోను. చాలామంది మగపిల్లలకి పెళ్లంటే ఆడపిల్లవాళ్లు చేసేది, తాము వెళ్లి కూర్చునేది అని ఒక అలవాటు. ఒక ఆదివారం ఇద్దరూ కూర్చుని చెరొక కాగితం తీసుకోండి. ఏది లేకపోతే నాకు పెళ్లయినట్టు అనిపించదు, ఏది ఉంటే నాకు బాధ, ఈ రెండే రాసుకోండి. మూడు మూడు చాలు. “నాకేం లేవు” అని తెల్ల కాగితం ఇస్తే తిరిగి ఇచ్చేయండి. టొపొర్, అదే వాళ్ల పెళ్లికొడుకు టోపీ, పెట్టుకోవాలని చిన్నప్పటినుంచి ఉందో, వాళ్ల తాత పేరు ఎక్కడైనా వినపడాలని ఉందో, ఏదో ఒకటి ఉంటుంది. ఆ తర్వాత ఒక ఒప్పందం: వాళ్ల ఇంటికి వద్దని చెప్పే ఫోన్లన్నీ ఆయనవి, మీ ఇంటివన్నీ మీవి.

ఆ కాగితాలు చేతికొచ్చాక దారులు చూద్దాం. నాకు కనిపించేవి నాలుగు, నాలుగూ జరిగేవే, నాలుగింటికీ ఖర్చుంది. డబ్బు ఖర్చు ఒక్కటే కాదు.

ఒకటి, రెండు ఊళ్లలో రెండు పెళ్లిళ్లు. రాజమండ్రిలో పూర్తిగా మన పద్ధతి, కోల్‌కతాలో పూర్తిగా వాళ్ల పద్ధతి. పురోహితులిద్దరికీ మనశ్శాంతి. మీ అమ్మగారి లిస్టు తగ్గదు. కానీ ఏ ఊళ్లో చూసినా ఒక కుటుంబం చుట్టాల్లా కూర్చుని, ఏం జరుగుతోందో తెలియక ఫోన్లు చూసుకుంటుంది. మీరిద్దరూ వారం తిరిగేసరికి పీనుగుల్లా అయిపోతారు. పైగా ఏది అసలు పెళ్లి అని జీవితాంతం ఒక సరదా గొడవ, అదెప్పుడూ సరదాగానే ఉంటుందని చెప్పలేను. చట్టం దగ్గర మాత్రం చిక్కు లేదు. హిందూ వివాహ చట్టం, 1955 లోని 7వ సెక్షన్ ప్రకారం ఇద్దరిలో ఎవరి ఆచారం ప్రకారం చేసినా పెళ్లే, అందులో సప్తపది ఉంటే ఏడో అడుగుతో పూర్తయినట్టు. అంటే మొదటి ఊళ్లోనే పెళ్లైపోయింది, రిజిస్ట్రేషన్ కాగితం మీద ఆ తేదీయే రాయాలి, రెండోది వేడుక. ఇది అబ్బాయి వాళ్లకి ముందే చెప్పండి. తర్వాత తెలిస్తే “మా దగ్గర చేసింది ఉత్తుత్తి పెళ్లా” అని ఎవరో ఒక మేనత్త అంటుంది.

రెండు, ఒకే ఊళ్లో ఒకే రోజు రెండు పూటలు. ఈవెంట్ మేనేజరు 40 నిమిషాల పథకానికి ఇది కాస్త పెద్దమనిషి రూపం. పగలు మన ముహూర్తం, సాయంత్రం వాళ్ల లగ్నం. అబ్బాయి వైపు 60 మంది వస్తారని రాశారు. రాజమండ్రి హౌరా–చెన్నై లైను మీదే ఉంది కాబట్టి రైలు దిగితే చాలు, ప్రయాణం వాళ్లకి పెద్ద బాధ కాదు. అలసట మీది. పగలంతా హోమం పొగలో కూర్చుని, మళ్లీ చీర మార్చి, మళ్లీ మేకప్ వేసుకుని రాత్రి పదకొండుకి ఇంకో పీట ఎక్కాలి. మా బంధువుల్లో ఒకమ్మాయి ఇలాగే చేసుకుంది, రెండో పెళ్లి ఫొటోలన్నిట్లోనూ కళ్లు మూసుకునే ఉంటుంది.

మూడోది నాకు నచ్చింది, అందుకే ఎక్కువ చెబుతాను, పక్షపాతం అనుకోండి. ఒకే మండపం, ఒకే ముహూర్తం, ఒకే వరస. దీన్ని మీ పురోహితుడుగారు కిచిడీ అన్నారు. ఆ మాట కొట్టిపారేయకండి, ఆయన భయం ఊరికే కాదు. ఇక్కడో ముక్క అక్కడో ముక్క తెచ్చి అతికిస్తే నిజంగానే కిచిడీ అవుతుంది. అయితే ఈ రెండు పెళ్లిళ్లనీ పక్కపక్కన పెట్టి చూడండి.

మన గోదావరి వైపు పెళ్లికూతుర్ని మేనమామలు గంపలో కూర్చోబెట్టి మండపానికి మోసుకొస్తారు. వాళ్లు చెక్క పీట మీద కూర్చోబెట్టి అన్నదమ్ములు మోస్తారు, పెళ్లికొడుకు చుట్టూ ఏడుసార్లు తిప్పుతారు, అదే సాత్ పాక్. అప్పుడు పెళ్లికూతురు రెండు తమలపాకులతో మొహం కప్పుకుని ఉంటుంది. ఆకులు తీసి ఒకరినొకరు చూసుకోవడం శుభదృష్టి. మనకి తమలపాకుల బదులు అడ్డుతెర. తెర పట్టుకుని, సరిగ్గా ముహూర్తానికి జీలకర్ర బెల్లం తలమీద పెట్టి, తెర దించాక చూసుకునే చూపు. ఇద్దరూ ఒకే చూపు కోసం ఇంత తతంగం పెట్టుకున్నారు. కాబట్టి గంప బదులు పీట, పీటకి ఒక పక్క మీ మేనమామలు, ఇంకో పక్క పెదనాన్న కొడుకులు. ఏడు చుట్లు తిప్పి ఆకులు తీయకుండానే తెర వెనక కూర్చోబెట్టమనండి. ముహూర్తానికి జీలకర్ర బెల్లం. తెర దిగుతుంది, ఆకులు తొలగుతాయి, ఒక్కసారే. అటు సన్నాయి గట్టిమేళం, ఇటు శంఖాలూ, వాళ్ల ఆడవాళ్లు నోటితో చేసే ఉలూధ్వనీ. అక్కడ ఎవరూ ఎవరికీ ఏమీ వివరించక్కర్లేదు.

మిగతాది కూడా అంతే. లాజహోమంలో పెళ్లికూతురి దోసిట్లో పేలాలు పోసేది మన దగ్గరా అన్నదమ్ముడే, వాళ్ల దగ్గరా అన్నదమ్ముడే. ఏడడుగులు ఇద్దరికీ ఉన్నాయి. దండలు ఇద్దరికీ ఉన్నాయి. మూడు ముళ్లు, తలంబ్రాలు మనవి, హోమం అయ్యాక సిందూరం వాళ్లది, వీటిలో ఏదీ రెండోదాన్ని తోసేయదు. పాపిట్లో కుంకుమ మీ అమ్మగారు మాత్రం పెట్టుకోరా? నలుగూ అంతే. వాళ్ల గాయే హొలుద్‌లో, అంటే పసుపు రాసే వేడుకలో, పెళ్లికొడుక్కి రాసిన పసుపులో కొంత పెళ్లికూతురికి పంపిస్తారు. విడిదినుంచి మీ ఇంటికి ఆ గిన్నె వస్తే మన మంగళస్నానం దానితోనే చేయొచ్చు.

ఈ దారిలో కష్టం ఎక్కడంటే, పురోహితులిద్దరూ కనీసం రెండుసార్లు ముందుగా మాట్లాడుకోవాలి. ఒకరి చేతిలో కాగితం ఉండాలి, ఏ ఘట్టం ఎవరు చేయిస్తారో దాని మీద ఉండాలి. ఇంకోటి, కొన్ని వదులుకోవాలి. మీ అమ్మగారి లిస్టులో నాగవల్లి, స్నాతకం లాంటివి వేరే పూటకి జరపొచ్చు. అబ్బాయి వైపు కనకాంజలి ఉంటుంది, వెళ్లేటప్పుడు పెళ్లికూతురు వెనక్కి బియ్యం విసిరి తల్లి రుణం తీర్చేశానని చెప్పడం. ఇప్పుడు బెంగాలీ అమ్మాయిలే చాలామంది అననంటున్నారు. మీరూ అనకండి. ఒక గుప్పెడు బియ్యంతో తీరే రుణమా అది.

పురోహితుల దగ్గర ఇంకో చిన్న సమస్య వస్తుంది, ముందే చెప్పి ఉంచుతాను. ఉచ్చారణ. బెంగాలీ నోట ‘వ’ అనేది ‘బ’ అవుతుంది, ‘అ’ చాలాచోట్ల ‘ఒ’ వైపు జారుతుంది. వివాహం కాస్తా ‘బిబాహొ’. లక్ష్మి ‘లొక్ఖి’. ఇది మీ నాన్నగారి చెవిన పడ్డ మరుక్షణం “ఆయనకి మంత్రం రాదు” అంటారు, మాస్టారు కదా. వాళ్లు సంస్కృతాన్ని తరతరాలుగా అలాగే చదువుతున్నారు. పైగా మన వైపు ఎక్కువమంది కృష్ణయజుర్వేదం, ఆపస్తంబ సూత్రం ప్రకారం చేయిస్తారు, బెంగాల్లో సామవేదీయులు ఎక్కువ. మంత్రాలే కొన్ని వేరుగా ఉంటాయి. ఒకరిది తప్పు, ఇంకొకరిది ఒప్పు అనేది ఇక్కడ లేదు. ఈ సంగతి మీ పురోహితుడుగారికి తెలిసే ఉంటుంది, గౌరవంగా వెళ్లి “రెండు శాఖల పెళ్లి, మీరే పెద్దగా ఉండి సర్దాలి” అని అడిగి చూడండి. కిచిడీ అన్నాయన మనసు మార్చుకోవచ్చు. మార్చుకోకపోతే వేరేవారిని చూసుకోవడం మేలు, అయిష్టంగా కూర్చున్న పురోహితుడు పెళ్లంతా గొణుగుతూనే ఉంటారు.

నాలుగోది మీరన్న రిజిస్ట్రారు ఆఫీసు. దాన్ని పారిపోవడం అన్నారు, నాకు అలా అనిపించదు. ప్రత్యేక వివాహ చట్టం, 1954 కింద నోటీసు ఇవ్వాలి, ఇద్దరిలో ఒకరైనా ఆ జిల్లాలో 30 రోజులు ఉండి ఉండాలి, నోటీసు పెట్టాక మళ్లీ 30 రోజులు ఆగాలి. అందులో చాలామందికి తెలియని మాట ఒకటుంది. పెళ్లి మీకు నచ్చిన ఏ పద్ధతిలోనైనా చేసుకోవచ్చు, కానీ వివాహ అధికారి ముందు, ముగ్గురు సాక్షుల ముందు, నిన్ను నా భర్తగా, నా భార్యగా స్వీకరిస్తున్నానని ఒకరికొకరు నోటితో చెప్పాలి. మీకిద్దరికీ అర్థమయ్యే ఏ భాషలోనైనా సరే అని చట్టంలోనే రాశారు. మీరు తెలుగులో, ఆయన బెంగాలీలో చెప్పొచ్చు, ఒకరిది ఒకరికి ఆ ఒక్క వాక్యమైనా అర్థమైతే. ఇది చేసుకుని, తర్వాత మీ ఇద్దరి కాగితాల మీద మిగిలినవే ఇంటి దగ్గర జరుపుకోవచ్చు. ప్రశాంతంగా ఉంటుంది. నష్టం కూడా చెప్పాలి కదా: మీ అమ్మగారికి ఇది పెళ్లిలా అనిపించదు, ఎప్పటికీ అనిపించకపోవచ్చు, ఆ వెలితి మోయగలరా అనేది మీరే చూసుకోవాలి. ఒకటి మాత్రం చేయకండి. తంతు ఏదీ లేకుండా హిందూ వివాహ చట్టం కింద సర్టిఫికెట్ మాత్రం తెచ్చుకుని, పెళ్లి తర్వాతెప్పుడో చేసుకుందాం అనుకోవద్దు. తంతు జరగకుండా ఆ చట్టం కింద రిజిస్ట్రేషన్ ఒక్కటే ఉంటే పెళ్లి కాదని సుప్రీంకోర్టు 2024లో స్పష్టంగా చెప్పింది.

ఇక ఆ బ్రాకెట్లోని వాక్యం.

కన్యాదానం చేయకపోతే పెళ్లి చెల్లదేమో అని మీకు లోపల ఒక భయం ఉన్నట్టుంది. ఆ భయం తీసేయండి. హిందూ వివాహం చెల్లడానికి కన్యాదానం తప్పనిసరి కాదని 2024లోనే అలహాబాద్ హైకోర్టు ఒక కేసులో చెప్పింది. కోల్‌కతాలో నందినీ భౌమిక్ అనే సంస్కృత ఆచార్యురాలు, తోటి స్త్రీలతో కలిసి, కన్యాదానం లేకుండానే పెళ్లిళ్లు చేయిస్తున్నారు, మంత్రాలు చదివి వాటి అర్థం బెంగాలీలోనూ ఇంగ్లీషులోనూ చెబుతారు. కాబట్టి అబ్బాయి వైపు వాళ్లకి ఈ మాట వింతేమీ కాదు. వింతయ్యేది మీ నాన్నగారికి. మరి ఆయన పాతికేళ్లుగా మనసులో ఊహించుకున్న దృశ్యం అదొక్కటే అయ్యుంటే? అది తెలియకుండా మీరు వద్దని నిర్ణయించేసుకున్నారు, చెప్పకుండా మోస్తున్నారు.

ఇక్కడ మూడు రకాలుగా చేసిన కుటుంబాల్ని చూశాను. కొందరు కన్యాదానం పూర్తిగా తీసేశారు, తండ్రి పక్కన నిలబడ్డాడంతే. కొందరు దానం అనే మాట వదిలేసి రెండు వైపుల తల్లిదండ్రులూ కలిసి ఇద్దరి చేతులూ కలిపేలా చేశారు, మీ అత్తగారు ముహూర్తానికి రాకపోతే ఇక్కడ ఆవిడ చోటు ఖాళీగా కనిపిస్తుంది, అది ఆలోచించుకోండి. ఇంకొందరు కాళ్లు కడగడం, దానం మంత్రం వదిలి, ప్రవర మాత్రం ఉంచుకున్నారు. నాకు ఈ మూడోది మంచి ఆలోచన అనిపించింది. ప్రవరలో ఇరువైపులా మూడు తరాల పేర్లు చదువుతారు, బెంగాలీ సంప్రదానంలోనూ, అంటే వాళ్ల కన్యాదానంలోనూ, గోత్రంతో పాటు ఆ పేర్లు వస్తాయి. ఆ పేర్లలో తల్లులవీ అమ్మమ్మ నాయనమ్మలవీ కూడా కలిపి చదవమని అడగండి. మండపంలో అందరూ చెవులు రిక్కించి వినేది అదొక్కటే, ఎందుకంటే అవి తెలిసిన పేర్లు. ఏది చేసినా ముందు నాన్నతో మాట్లాడాలి, ఒంటరిగా, అమ్మ లేనప్పుడు. “నాన్నా, నేను ఇవ్వడానికి వస్తువుని కాను” లాంటి సినిమా డైలాగులు వద్దు, ఆయన చేయి వదిలేస్తున్నట్టు మీకు ఎందుకు అనిపిస్తోందో అది చెప్పండి. ఆయన కాదంటే? అవచ్చు. అప్పుడు చేయించుకోవడమా, గట్టిగా నిలబడడమా అనేది మళ్లీ మీ కాగితం చూసుకుని తేల్చుకోవాలి. మీ మూడింటిలో అది మొదటిదైతే నిలబడండి. మూడోదైతే, నేనైతే ఆ పది నిమిషాలు నాన్న కోసం వదిలేస్తాను. మీరు అలా చేయక్కర్లేదు.

పెళ్లి మొత్తం తెలుగులో అన్న నాన్నగారి కోరిక కొత్తదేం కాదు. త్రిపురనేని రామస్వామి చౌదరి గారు తెలుగులో పెళ్లి చేయించడానికి ‘వివాహవిధి’ రాశారు, స్వయంగా పెళ్లిళ్లు చేయించారు కూడా. మాస్టారికి నేను చెప్పేదేముంది, ఆయనకే తెలిసుంటుంది. కానీ ఈ పెళ్లికి అది సరిపోదనుకుంటున్నాను. మొత్తం తెలుగైతే ఆ 60 మందికి ఒక్క ముక్క అందదు. సంస్కృతం ఇద్దరికీ సమానంగా దూరం, ఇద్దరికీ సమానంగా అలవాటు, విచిత్రంగా ఇక్కడ అందరికీ ఉమ్మడిగా ఉన్నది అదే. దాన్ని ఉండనిచ్చి, నాలుగు చోట్ల ఆపి అర్థం చెప్పించండి. శుభదృష్టి ముందు, మూడు ముళ్ల ముందు, ఏడడుగుల దగ్గర, సిందూరం దగ్గర. ఒక్కోచోట రెండేసి వాక్యాలు తెలుగులో, రెండేసి బెంగాలీలో. యాంకరు వద్దు, మీ పిన్ని ఒకరు, వాళ్ల మామయ్య ఒకరు. మంత్రం మధ్యలో మైకు మోగకూడదని ముందే చెప్పుకోండి. ఏడడుగులు మాత్రం మీరే చెప్పండి. అన్నం కోసం ఒక అడుగు, బలం కోసం ఒక అడుగు అని మొదలై ఏడో అడుగుతో స్నేహితులవుతారు. మొదటి అడుగు అర్థం మీరు బెంగాలీలో, రెండోది ఆయన తెలుగులో, అలా ఏడూ. తప్పులు పోతాయి. పోనివ్వండి, రెండు వైపులా పెద్దవాళ్లు నవ్వుకుంటూ సరిదిద్దుతారు, అప్పటిదాకా ఫోన్లు చూస్తున్నవాళ్లు తలెత్తుతారు.

మరి నాన్నగారి తెలుగు ఎక్కడ? పద్యాల్లో. వెనకటి పెళ్లిళ్లలో దంపతుల్ని దీవిస్తూ పద్యాలు రాసి, కాగితాల మీద అచ్చు వేయించి, మండపంలో చదివి పంచేవారు. ఆయన్ని ఐదు పద్యాలు రాయమనండి, కింద బెంగాలీ అర్థం అబ్బాయి నాన్నగారి చేత రాయించండి. వస్తువు కావాలంటే ఊళ్లోనే ఉంది. వీరేశలింగం గారు 1881లో తొలి వితంతు వివాహం జరిపించింది మీ రాజమండ్రిలోనే. విద్యాసాగరుడు బెంగాల్లో చేసినదాన్ని ఆయన ఇక్కడ చేశారని దక్షిణాది విద్యాసాగరుడన్నారు. కోల్‌కతాకీ మీ ఊరికీ పెళ్లి విషయంలో చుట్టరికం మీకంటే ముందే మొదలైంది. ఇది వినగానే మాస్టారికి కలం ఆగదు, మంత్రాల పట్టు కొంచెం సడలుతుంది కూడా. కొంచెమే.

ఇక చిన్నచిన్నవి. ముహూర్తం: మన ముహూర్తాలు రాత్రిపూట పడటం మామూలే, బెంగాలీలకి పెళ్లంటేనే సాయంత్రం తర్వాత, కాబట్టి రాత్రి ముహూర్తం అడగండి. నెలల దగ్గర జాగ్రత్త, వాళ్లు కార్తీకంలోనూ చైత్రంలోనూ చేయరు, మనం ఆషాఢంలో చేయం, పైగా వాళ్ల నెలలు సూర్యుడి లెక్క, మనవి చంద్రుడి లెక్క. మాఘ, ఫాల్గుణ, వైశాఖాల్లో వెతికితే ఇద్దరికీ దొరుకుతాయి. బట్టలు: ఎర్ర బెనారసీ కట్టే చోట మధుపర్కాలు తెల్లగా ఉన్నాయేమిటని వాళ్లు కంగారు పడొచ్చన్నారు. ఎర్ర అంచు తెల్లచీర వాళ్ల ఇళ్లల్లో పూజకీ పండక్కీ కట్టేదే, ఎర్ర అంచు ఉన్న మధుపర్కాలు తీసుకుంటే అడిగేవాళ్లుండరు. శుభలేఖ: మూడు భాషలూ ఒకే కార్డులో ఇరికించకుండా తెలుగుది వేరు, బెంగాలీది వేరు వేయించండి. ఆయన పేరు ఇంగ్లీషు స్పెల్లింగు చూసి తెలుగులోకి దించకండి, ఆయన పలికించి విని రాయండి. గుమ్మం దగ్గర పేర్లు చెప్పించేటప్పుడు ఆయన చేత ఉత్త పేరు కాకుండా పూర్తి తెలుగు వాక్యం చెప్పించండి, మీ పిన్నులు వదలరు ఎలాగూ.

చేప. అబ్బాయి వాళ్లు పసుపుతో పాటు పంపే సారెలో పెద్ద చేపకి చీర కట్టి, ముక్కుపుడక పెట్టి, పెళ్లికూతురిలా ముస్తాబు చేసి పంపుతారని, మీ నాయనమ్మగారు వెల్లుల్లి కూడా ముట్టరని, ఆ పళ్లెం గుమ్మం దాటితే ఆవిడ గుమ్మం దాటతారని రాశారు. వద్దని మీ అత్తగారితో అనకండి, అది వాళ్లకి శుభం. సారెలో చేప ఆకారంలో సందేశ్ మిఠాయి పెట్టడం కూడా అక్కడ ఉంది, చీర దానికి కట్టమనండి, అసలు చేపని విడిదిలోనే వాళ్లు వండుకుంటారు. నాయనమ్మగారు అడిగితే పాలతో చేసింది, మన కోవా లాంటిదే అని చెప్పండి. తోక వైపునుంచి పెట్టండి, తల చూస్తే తినరు.